కందుకూరు నుంచి తెలుగులో పాడ్‌కాస్టు: నా అనుభవం

కంప్యూటర్ మీద ఏ పని చేసినా, ఇంగ్లీషులో చేసేవారికి లేని అదనపు పని ఒకటి తెలుగులో చేసేవారికి తగులుతూనే ఉంటుంది. అక్షరాలు టైపు చేయడంలోనూ, రాసిన మాటను మళ్ళీ వెతికి పట్టుకోవడంలోనూ, రికార్డు చేసిన గొంతును శుభ్రం చేయడంలోనూ, చివరకు ఆ గొంతును వినేవారి ఫోనుకు చేర్చడంలోనూ అది ఉంటుంది. కందుకూరులో డీటీపీ సెంటరు నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడు రోజువారీ సాఫ్ట్‌వేర్ గురించి మొదట బ్లాగులోనూ తరువాత పాడ్‌కాస్టు అనే వినే కార్యక్రమంలోనూ చెబుతూ వస్తున్న నేను, ఇన్నేళ్ళలో నేర్చుకున్నదాంట్లో సింహభాగం ఈ అదనపు పనికి సంబంధించినదే. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే మన జిల్లాల వారికి పనికివస్తుందేమోనని దాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

మా సెంటరులో పని అంటే పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు స్టిక్కర్లు, పొగాకు వేలం మొదలయ్యే రోజుల్లో రైతుల అర్జీలు. వీటిలో చాలా భాగం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే తయారవుతాయి. 2001లో వచ్చిన 7.0 తరువాత అడోబీ దానికి మరో కొత్త వెర్షను తేలేదు. అయినా నెల్లూరు వెళ్ళినా, ఒంగోలు వెళ్ళినా, కావలి వెళ్ళినా డీటీపీ చేసేవారి దగ్గర అది కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే పాత తెలుగు ఫాంట్లు అందులో చక్కగా కుదురుకున్నాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టి తయారుచేసినవి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు మరొకచోట ఉంటాయి, ఆపరేటరు వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతాడు. కాగితం మీద అచ్చయ్యేది తెలుగే గాని, ఫైలులో ఉన్నది తెలుగు కాదు. దాన్ని కాపీ చేసి ఈమెయిలులో అతికిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరుస మిగులుతుంది.

విచిత్రమేమంటే, అదే 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్యను కేటాయించే ప్రమాణం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షను నుంచీ 128 స్థానాల గది ఒకటి ఉంది. అందులో అక్షరం ముక్కలు ఉండవు, వర్ణాలు మాత్రమే ఉంటాయి. ‘స్త్రీ’ అని రాస్తే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం, ఇలా ఆరు సంకేతాలు వరుసగా నిల్వ అవుతాయి, వాటిని ఒక్క అక్షరంగా కూర్చి తెర మీద చూపించే భారం ఫాంటుది. ఈ తేడా అర్థమయ్యాక, సెంటరులో ఎన్నో ఏళ్ళుగా పేరుకుపోయిన పాఠాల్లో నాకు అవసరమైనవాటిని ఒక కన్వర్టరు ద్వారా యూనికోడ్‌లోకి మార్చుకున్నాను. కన్వర్టరు తొంభై పాళ్ళు పని చేస్తుంది, మిగిలిన పది పాళ్ళలో అరసున్నా ఎగిరిపోవడం, వత్తు ఒక అక్షరం ముందుకు జరగడం వంటివి ఉంటాయి. వాటిని కంటితో దిద్దుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

టైపు చేసే పద్ధతి విషయంలో ఎవరి అలవాటు వారిది. మా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళు ఫోనులో జీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు, కొందరు పాతవారు అదే పని కంప్యూటర్‌లో చేసే లేఖిని అనే వెబ్‌సైటును ఇష్టపడతారు. నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. 1986లో కేంద్ర ప్రభుత్వం ప్రమాణీకరించిన ఈ కీబోర్డులో చాలా భారతీయ లిపులకు ఒకే అమరిక ఉంటుంది, విండోస్‌లోనూ లినక్సులోనూ విడిగా ఏమీ దించుకోకుండానే దొరుకుతుంది. నేర్చుకునేటప్పుడు వేళ్ళు మొరాయించిన మాట నిజమే గాని, నేను కొట్టిందే తెర మీద పడుతుంది, నా మనసులో ఏముందో ఊహించి మాట మార్చే తెలివి దానికి లేదు. ఎక్కువగా రాసేవారికి నేను దీన్నే సిఫారసు చేస్తాను.

బ్లాగు రాయడం మొదలుపెట్టాక అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది కంటికి కనిపించని ఒక గుర్తు. ‘సాఫ్ట్’ అని కొట్టి వెంటనే ‘వేర్’ అని కొడితే ‘సాఫ్ట్వేర్’ అని పడుతుంది, వకారం వెళ్ళి టకారం కింద వత్తుగా కూర్చుంటుంది. అలా కూర్చోకుండా ఉండాలంటే రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును పెట్టాలి, అప్పుడే ‘సాఫ్ట్‌వేర్’ అని వస్తుంది. చూడటానికి బాగుంటుంది గాని, ఆ తరువాత ఆ మాటను వెతికేటప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. గుర్తు ఉన్న మాట, గుర్తు లేని మాట చదివే మనకు ఒకటే, పాఠం రాసుకునే చాలా ప్రోగ్రాములకు మాత్రం రెండూ వేర్వేరు మాటలు. ఒకదాని కోసం వెతికితే రెండోది దొరకదు. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞ’కూ దాని దీర్ఘానికీ మధ్య ఇదే గుర్తు చేరిన ఒక కూర్పు సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలడం ప్రపంచమంతా వార్త అయింది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. మన అక్షరం ఒకటి దేశదేశాల పత్రికలకెక్కడం అదే మొదటిసారి కాబోలు!

వెతకడంలో ఇంకో చిక్కు మన వర్ణక్రమానిది. ‘నీళ్ళు’ అని రాసేవారు ఉన్నారు, ‘నీళ్లు’ అని రాసేవారూ ఉన్నారు, పత్రికలే రెండు రకాలుగా అచ్చు వేస్తాయి. రెండూ చెల్లుబాటయ్యేవే గనుక ఏది సరైనదన్న చర్చలోకి వెళ్ళకుండా, నా వరకు ళకు ళ వత్తు ఇవ్వాలని, ఇంగ్లీషు మాటల్లో అవసరమైన ప్రతిచోటా ఆ కనిపించని గుర్తు పెట్టాలని ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించాను. పోస్టు పూర్తయిన తరువాత నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వెతికి మార్చే ఆదేశాలను వరుసగా నడిపితే పాఠం ఒక దారికి వస్తుంది. లింకులో మాత్రం తెలుగు పెట్టడం మానేశాను. యూనికోడ్ పాఠాన్ని నిల్వ చేసే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, లింకును కాపీ చేసినప్పుడు ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. ఎనిమిది సంకేతాలున్న ‘కందుకూరు’ అనే పేరు ఆ లెక్కన 72 అక్షరాల చాంతాడై కూర్చుంటుంది. వాట్సాప్‌లో అలాంటి లింకు వస్తే మా ఊళ్ళో దాన్ని వైరస్ అనుకుని ఎవరూ నొక్కరు, అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఇక మాట్లాడటం దగ్గరికి వస్తాను. మా కౌంటరు దగ్గర రోజూ కొన్ని ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తుంటాయి. దరఖాస్తుకు ఫొటో 50 కేబీ లోపు ఉండాలంటే ఎలా తగ్గించాలి, ఫోను నిండిపోయిందని వస్తోంది ఏం తీసేయాలి, పీడీఎఫ్‌లో ఒక్క పేజీ మాత్రమే ఎలా విడదీయాలి, ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ 160 అక్షరాల దాకా ఒకటిగా వెళ్తుంటే తెలుగుది 70 దాటగానే రెండుగా ఎందుకు లెక్క పడుతోంది. వీటి మీద పోస్టులు రాసి, అడిగినవారికి లింకు పంపేవాణ్ణి. పామూరు వైపు నుంచి వచ్చే పెద్దాయన ఒకరు మొహమాటం లేకుండా, “ఇంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారయ్యా, నోటితో చెప్పు, వింటాం” అన్నారు. ఆ మాటతో నేను అప్పటిదాకా వినడానికి మాత్రమే వాడిన పాడ్‌కాస్టును చేయడానికి పూనుకున్నాను.

పాడ్‌కాస్టు అనగానే పెద్ద స్టూడియో, ఖరీదైన సరంజామా గుర్తుకువస్తాయి గాని, లోపల జరిగేది చాలా సాదా పని. ఆర్‌ఎస్‌ఎస్ అనే పాఠ్య ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ప్రతి ఎపిసోడుకూ ఒక పేరు, ఒక తేదీ, ఆడియో ఫైలు ఉన్న చిరునామా, దాని పరిమాణం రాసి ఉంటాయి. ఇలా ఆడియోను జతచేసే వీలును అమెరికా ప్రోగ్రామరు డేవ్ వైనర్ 2000 డిసెంబరులో ఆర్‌ఎస్‌ఎస్ 0.92లో చేర్చాడు, 2005 జూన్‌లో ఆపిల్ ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్టులకు చోటివ్వడంతో అది జనంలోకి వెళ్ళింది. వినే యాప్‌లు చాలావరకు నేటికీ ఆ ఫైలునే చదువుకుంటాయి. కాబట్టి మొదటి ఖర్చు మైకు మీద పెట్టవలసిందే తప్ప మరి దేని మీదా కాదు. బస్టాండు దగ్గర సెంటరు ఉన్న నాలాంటివారు కండెన్సర్ మైకు జోలికి పోకూడదు, అది రోడ్డు మీది హారనును కూడా అంతే శ్రద్ధగా వింటుంది. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకునే డైనమిక్ మైకు దగ్గరి శబ్దాన్ని ఎక్కువగా, దూరపు శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. సెంటరు వెనక గదిలో కాగితపు రీములు గోడ పొడవునా పేర్చి ఉంటాయి, అవి ప్రతిధ్వనిని మింగేస్తాయని తెలిశాక వేరే ఏర్పాటేదీ చేయలేదు. ఫ్యాను మాత్రం ఆపాలి. మే నెలలో కందుకూరులో ఫ్యాను ఆపి అరగంట మాట్లాడటమంటే ఏమిటో ఇక్కడివారికి నేను చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్ చార్జరు పెట్టి ఉంచితే మన కరెంటు 50 హెర్ట్జ్ గుంయ్‌మనే మోత రికార్డింగులోకి చేరుతుంది, దాన్ని తరువాత తీయడం కన్నా రికార్డింగు వేళ చార్జరు పీకేయడం తేలిక.

ఎడిటింగుకు ఆడాసిటీ వాడుతున్నాను. డామినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి 2000లో ఉచితంగా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. 2021లో వచ్చిన 3.0 వెర్షను దాకా దాని ప్రాజెక్టు ఒక చిన్న ఫైలుగా, దాని పక్కన డేటా ఫోల్డరుగా విడివిడిగా ఉండేది, చిన్న ఫైలు ఒక్కదాన్ని పెన్‌డ్రైవులో వేసుకుపోతే అందులో ధ్వని ఉండేది కాదు. ఇప్పుడు అంతా ఒకే ఫైలులో ఉంటుంది, కొత్తవారికి ఇది పెద్ద వెసులుబాటు.

సెంటరులో కూర్చుని ఒక్కడినే మాట్లాడినంత కాలం పని సాఫీగానే సాగింది. బయటికి వెళ్ళి ఇతరులతో మాట్లాడించాలనుకున్నప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. ఉలవపాడు మండలంలో రొయ్యల చెరువులున్న బాబాయి ఒకాయన మేత లెక్కలు, నీటిలో ఆక్సిజన్ రీడింగులు అన్నీ ఫోనులోని స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటాడు. చదువు పదో తరగతి దగ్గర ఆగినా, ఏ రోజు ఏ చెరువులో రీడింగు పడిపోయిందో రంగు మారి కనిపించేలా తానే ఏర్పాటు చేసుకున్నాడు. ఆయనతో చెరువు గట్టు మీదే మాట్లాడాలని నా కోరిక, కానీ గట్టు మీద, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో మనిషి మాట మనిషికే వినపడదు. కాసేపు ఆపగలరా అని అడిగాను. “ఆపేదేంది అబ్బాయ్, తెల్లారేసరికి రొయ్యంతా తేలిద్ది. నీకు సద్దు లేకుండా కావాలంటే మధ్యాన్నం రెండింటికి రా, ఎండ బాగా కాసేటప్పుడు సగం ఆపుకున్నా ఏం గాదు” అన్నాడు. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, అందువల్ల తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగానూ మధ్యాహ్నం ఎక్కువగానూ ఉంటుంది. రికార్డింగు వేళను నిర్ణయించింది నేను కాదు, నాచు.

మధ్యాహ్నం వెళ్తే ఏరియేటర్ల హోరు తగ్గింది గాని, సముద్రం మీది నుంచి గాలి లేచింది. మైకుకు నురగ తొడుగు వేసి, మోటారు షెడ్డుకు గాలి తగలని వైపు ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. మాట మొదలుపెట్టేముందు ఇద్దరం నోరు మెదపకుండా కొన్ని సెకన్ల పాటు ఆ చోటి శబ్దాన్ని మాత్రమే రికార్డు చేశాను. ఇది చాలామంది పట్టించుకోని పని, నా దృష్టిలో బయట రికార్డు చేసేవారికి ఇంతకన్నా విలువైన అలవాటు లేదు. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ అనే సాధనానికి ముందుగా ఈ ఖాళీ శబ్దాన్ని ఎంచి చూపిస్తే, అందులో ఏ పౌనఃపున్యాలు ఎంత మోతాదులో ఉన్నాయో అది గుర్తుపెట్టుకుంటుంది, ఆ తరువాత మొత్తం రికార్డింగు మీద నడిపితే ఆ మేరకు తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్నది డెసిబెళ్ళలో మనమే చెప్పాలి. ఏరియేటర్ల హోరు పూర్తిగా పోవాలన్న ఆశతో దాన్ని పెంచుకుంటూ పోతే మాట నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్లు మారిపోతుంది. నేను ఆరు, ఎనిమిది దగ్గరే ఆపి, 80 హెర్ట్జ్ కన్నా కింద ఉన్న గాలి మోతను హైపాస్ ఫిల్టరుతో తీసేసి, మిగిలిన హోరును అలాగే ఉంచాను. చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్న మనిషి వెనక చెరువు వినిపించడం లోపం కాదని నా అభిప్రాయం.

నాయిస్ గేట్ అనే మరో సాధనం గురించి మాత్రం తెలుగువారిని ప్రత్యేకంగా హెచ్చరించాలి. శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గగానే దాన్ని పూర్తిగా మూసివేయడం దాని పని, ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ దాన్ని వాడమనే చెబుతాయి. మనది అజంత భాష, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివరికి వచ్చేసరికి ‘చెప్పాను’, ‘వాళ్ళకు’ వంటి మాటల్లో చివరి ఉకారం చాలా మెత్తగా పలుకుతుంది. గేట్ ఆ ఉకారాన్ని నిశ్శబ్దంగా లెక్కగట్టి కోసేస్తుంది. బాబాయి మాటలన్నీ ‘చెప్పాన్’, ‘వాళ్ళక్’ అని తెగిపోయి, ఎవరో పరాయి రాష్ట్రం మనిషి తెలుగు మాట్లాడుతున్నట్లు వినిపించాయి. గేట్ తీసివేసి, శబ్దం తక్కువగా ఉన్న వాక్యాంతాలను ఒక్కొక్కటిగా కొద్దిగా పెంచుకున్నాను. ‘మరి’, ‘అదేందంటే’ వంటి ఊతపదాలను కూడా ఎడిటింగులో నరికివేయమంటారు, నేను అలా చేయను. బాబాయి ‘అదేందంటే’ అన్నాడంటే ఆ తరువాత అసలు సంగతి రాబోతోందని విన్న ప్రతివారికీ తెలుసు.

ధ్వని స్థాయి విషయంలో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గర ఉంచమని సూచిస్తుంది, ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే ఆదేశంతో ఒక్కసారిగా ఆ స్థాయికి తేవచ్చు. సింగరాయకొండ వెళ్ళే ఆటోలో ఫోను స్పీకరు మీద పెట్టి విని చూడటం నా సొంత పరీక్ష. అక్కడ మాట స్పష్టంగా తెలిస్తే ఎక్కడైనా తెలుస్తుంది.

మా ఊళ్ళో పాడ్‌కాస్టు యాప్ ఉన్నవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ వినడమంటే వాట్సాప్‌లో వచ్చింది వినడమే. వాట్సాప్‌లో ఆడియోను ఆడియోగానే పంపడానికి 16 ఎంబీ పరిమితి ఉండేది, డాక్యుమెంటుగా పంపితే ఎక్కువ పరిమాణం చెల్లుతుంది గాని, డాక్యుమెంటును తెరవడం దగ్గరే పెద్దవారు ఆగిపోతారు. అందుకని లెక్క వెనక నుంచి మొదలుపెట్టాను. మాట ఒక్కటే ఉన్న రికార్డింగుకు స్టీరియో అక్కరలేదు, మోనో చాలు. మోనో ఎంపీ3ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున కుదిస్తే అరగంటకు 14.4 ఎంబీ అవుతుంది, పరిమితిలోపు సరిపోతుంది. కుదించని వేవ్ ఫైలైతే నిమిషానికే అయిదు ఎంబీ దాటుతుంది. ఓపస్ వంటి కొత్త పద్ధతులు ఇంతకన్నా తక్కువ చోటులో మెరుగ్గా వినిపిస్తాయన్నది నిజమే, అయినా ఎంపీ3 పలకని ఫోను నాకు ఇంతవరకు కనిపించలేదు. ఎపిసోడు అరగంట దాటకూడదన్న నియమం అలా వచ్చిందే తప్ప అందులో వేరే కళాదృష్టి ఏమీ లేదు.

ఫైళ్ళు ఉంచడానికి మొదట ఒక ఉచిత హోస్టింగ్ సేవను ఎంచుకున్నాను. కొంతకాలానికి వారు దుకాణం కట్టేస్తున్నట్లు ఒక ఈమెయిలు పంపి గడువు పెట్టారు. 2013లో గూగుల్ రీడర్, 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడ్డాయి, ఎంత పెద్ద సంస్థ సేవకైనా ఒక రోజు అలాంటి ఈమెయిలు రావచ్చు. అసలు వేవ్ ఫైళ్ళు, ఎపిసోడు పాఠాలు నా డిస్కు మీద ఒక ప్రతి, మా అక్కగారి ఇంట్లో మరో ప్రతి ఉన్నాయి గనుక ధ్వని పోలేదు, మార్చవలసిందల్లా చిరునామా. ఇక్కడ రెండు సంగతులు జాగ్రత్తగా చూసుకోవాలి. పాత ఫీడ్ (ముందు చెప్పిన ఆర్‌ఎస్‌ఎస్ ఫైలు) నుంచి కొత్త ఫీడ్‌కు శాశ్వత మళ్ళింపు పెట్టి, దాన్ని కొన్ని వారాలైనా ఉంచాలి, అప్పుడే వినేవారి యాప్‌లు తమంతట తాము కొత్తచోటికి వస్తాయి. రెండవది, ప్రతి ఎపిసోడుకూ ఫీడ్‌లో జీయూఐడీ అనే గుర్తింపు ఉంటుంది, ఇల్లు మారినా ఆధార్ నంబరు మారనట్లు దాన్ని యథాతథంగా కొత్తచోటికి తీసుకురావాలి. అది మారితే పాత ఎపిసోడ్లన్నీ కొత్తవిగా కనబడి, వినేవారి ఫోన్లలో మళ్ళీ దిగుతాయి. ఈసారి సొంత డొమైను పేరు (వెబ్ చిరునామా) కొని దాని కిందే ఫీడ్ పెట్టాను, ఏటా కొంత ఖర్చు అవుతుంది.

ముఖచిత్రం సంగతి త్వరగా ముగిస్తాను. ఆపిల్ నియమం ప్రకారం అది చతురస్రంగా, 1400 నుంచి 3000 పిక్సెళ్ళ మధ్య ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వాటిలో రామభద్ర పెద్ద శీర్షికలకు వీలుగా ఉంటుంది. వత్తుల కింద, గుడుల పైన చోటు ధారాళంగా వదలకపోతే కొన్ని యాప్‌లలో పేరు కాళ్ళు, తల తెగి కనిపిస్తుంది. డబ్బు సంగతి అంతకన్నా త్వరగా ముగుస్తుంది. 2018లో ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను అంగీకరించడం మొదలుపెట్టిన తరువాత బ్లాగు మీద వచ్చే మొత్తం డొమైను ఖర్చుకు సరిపోతోంది.

ఇప్పుడు ఎక్కువ సమయం పడుతున్నది ఎపిసోడును పాఠంగా మార్చడానికి. ధ్వనిలో వెతకడం కుదరదు, పాఠం ఉంటే తప్ప ఫలానా మాట ఏ ఎపిసోడులో ఉందో తెలియదు. 2017 నుంచి గూగుల్ వాయిస్ టైపింగులో తెలుగు ఉంది, ఇటీవల ఆడియో ఫైలును నేరుగా ఇస్తే పాఠం చేసి ఇచ్చే ఏఐ మోడళ్ళు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదానికి బాబాయి రికార్డింగు ఇస్తే, ‘తేలిద్ది’ని ‘తెలిసింది’ అని, ‘సద్దు’ను ‘సర్దు’ అని రాసిపెట్టింది. రొయ్యలు చచ్చిపోయి తేలడం కాస్తా రొయ్యలకు తెలిసిపోవడమైంది. వార్తలు చదివే తెలుగును అవి బాగానే పట్టుకుంటున్నాయి, మన మాటతీరు దగ్గర తడబడుతున్నాయి. అందుకని యంత్రం ఇచ్చిన పాఠాన్ని ముసాయిదాగా మాత్రమే తీసుకుని, ధ్వనిని ముప్పావు వేగంతో వింటూ దిద్దుతున్నాను. మాట్లాడినవారి మాటను పుస్తక భాషలోకి మార్చను. ‘తేలిద్ది’ని ‘తేలిద్ది’గానే ఉంచి, వెతికేవారి కోసం ఎపిసోడు చివర ‘రొయ్యలు తేలడం, ఆక్సిజన్ తగ్గడం’ అని ప్రామాణిక రూపాల్లో ఒక పంక్తి చేరుస్తున్నాను.

వాట్సాప్ కూడా లేని శ్రోతలు కొందరు ఉన్నారు. మా బజారులో మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే మొబైల్ షాపు ఒకటి ఉంది, బటన్ ఫోను తెచ్చే రైతులకు ఘంటసాల పాటలతో పాటు నా ఎపిసోడ్లు కూడా ఎక్కించడానికి ఆ షాపు తమ్ముడు ఒప్పుకున్నాడు. కొద్ది రోజులకు అతనే వచ్చి, “అన్నా, పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తుండాయి, ఏది ముందో ఏది యెనకో తెలవడంలా” అన్నాడు. ఆ ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండదు, ఫైలు పేరైనా ఎంపీ3లో పొదిగిన ట్యాగైనా తెలుగులో ఉంటే ఖాళీ చతురస్రాలే కనిపిస్తాయి. అప్పటి నుంచి ఆ షాపుకు ఇచ్చే ప్రతికి పేరును సున్నాతో మొదలయ్యే అంకెలతో పెడుతున్నాను, ట్యాగులు ఇంగ్లీషు లిపిలో రాస్తున్నాను. ప్రతి ఎపిసోడు మొదటి వాక్యంలోనే దాని సంఖ్య ఎంతో, విషయం ఏమిటో నోటితో చెబుతున్నాను, ఎందుకంటే బటన్ ఫోనులో వినేవారికి ముఖచిత్రమూ పేరూ రెండూ ఆ వాక్యమే. స్మార్ట్‌ఫోనులో వినేవారు కొందరు అది అనవసరమని, నేరుగా విషయంలోకి వెళ్ళమని సలహా ఇస్తుంటారు. వారికి కారణం చెప్పి, ఆ వాక్యాన్ని అలాగే ఉంచుతున్నాను.